తనకు తానే దొర

మర్గిలాన్
మార్చి నెలాఖరు, 1992

బుఖారాలో ఉన్న మా సనోబర్ అక్కకి తమ్ముడు తుర్సునాలి సలాములు.

ఇక్కడ అందరం కులాసా. నేను, మా ఆవిడ ఇనోయత్, అమ్మాయి నఫోసత్, మగ్గం, గాడిద, వరసగా అందరం క్షేమం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? మీ పిల్లి ఈనిందా? అన్నీ అడిగేశాను కాబట్టి ఇక అసలు సంగతికొస్తాను.

నువ్వు చూసిన సంబంధం వాళ్ళు వచ్చి వెళ్ళారు. మీ పక్కింటి బుర్హోన్ మాస్టారు, ఆయన కోడలు. అంతా దివ్యంగా జరిగింది. పలావు నేనే వండాను. మా నఫోసత్ కొత్త పట్టుబట్టలు కట్టుకుని వచ్చి వంగి సలాం చేసి వెళ్ళింది. నీ ఇంట్లో ఉండి జరీపని నేర్చుకుని వచ్చిన దగ్గర్నుంచీ, ఆ మాస్టారి మనవడు బెహ్రోజ్ పేరెత్తితే చాలు, దాని చెవులు దానిమ్మ గింజల్లా ఎర్రబడతాయి. కన్నతండ్రిని, నాకు తెలియదా?

మాస్టారు ఎంత చదువుకున్నవాడక్కా! జీవితమంతా ఫార్సీ పాఠాలు చెప్పాడంటే మాటలా! అయితే నేనూ తక్కువ తినలేదులే. మన దేశం మన చేతికొచ్చి ఏడాదైనా కాలేదు. ఇలాంటప్పుడు ఎవడి పేరుకి ఏమిటి అర్థమో వాడికి తెలిసి ఉండాలి కదా! అందుకని ఉజ్బెక్ అంటే ఏమిటో ఆయనకి విడమర్చి చెప్పాను. ఓజ్ అంటే తాను. బెక్ అంటే దొర. తనకు తానే దొర. ఒకడి మాట వినక్కర్లేదు, ఒకడికి జవాబు చెప్పక్కర్లేదు. ఆయనేదో అన్నాడు. నేనేదో అన్నాను. పెద్దవాళ్ళం కదా, మాటామాటా అనుకుంటాం.

తరవాత వాళ్ళు కాస్త తొందరగా బయల్దేరారు. రైలు వేళయిందట. రొట్టె విరవడం మాత్రం కుదరలేదు. రొట్టె విరిస్తేనే సంబంధం ఖాయమయినట్టు, నిజమే. కానీ దానికేం తొందర? రొట్టెలు బీరువాలో భద్రంగా ఉన్నాయి.

అక్కడ మాస్టారు ఏమైనా అన్నాడా? ఊరికే అడుగుతున్నానంతే.

నీ తమ్ముడు
తుర్సునాలి

మరిచాను, పలావు సగానికి సగం మిగిలింది. వీధివీధంతా తిన్నారు.

*

బుఖారా
ఏప్రిల్, 1992

ఒరేయ్ తుర్సునాలీ,

నా మోకాలు అలాగే ఉంది. నీ ఉత్తరం చదివాక నొప్పి నడుముకి కూడా ఎక్కింది. పిల్లి ఈనింది. ఆ పిల్లలకైనా నీకంటే ఎక్కువ తెలివుంది.

రైలు వేళా? ఇటువైపు రైలు మర్నాడు పొద్దున గదరా! పాపం ఆ ముసలాయన, ఆ కోడలు పిల్ల స్టేషన్లో బల్ల మీద కూచుని జాగారం చేసి వచ్చారు. ఇంటికొచ్చాక ఆయన లోపలికే వెళ్ళలేదు. మల్బరీ చెట్టు కింద మంచం వేసుకుని, మోకాలు రుద్దుకుంటూ కూచున్నాడు. నేనే గోడ మీంచి తొంగిచూసి, "ఏమైంది మాస్టారూ?" అని అడిగాను. ఆయన ఒకటే మాటన్నాడు. "సనోబర్, మీ తమ్ముడు నాకు గిన్నె నిండా టీ పోశాడమ్మా!"

భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

పాలుతాగే పిల్లకైనా తెలుసు కదరా! వచ్చినవాళ్ళకి గిన్నె అడుగు తడిసేంత పోస్తాం. తాగితే మళ్ళీ ఇంత. మళ్ళీ ఇంత. ఎంత తక్కువ పోస్తే అంత మర్యాద. మీరు కూచోవాలి, మీకు మళ్ళీమళ్ళీ పోసే భాగ్యం మాకు కావాలి అని. నిండా పోశామంటే ఏమిటి? 'ఇది తాగి దయచెయ్యండి' అని! పన్ను వసూలుకి వచ్చినవాడికి కూడా మన నాన్న నిండా పోయలేదు. నువ్వు పిల్లనడగడానికొచ్చిన పెద్దమనిషికి పోశావు!

ఎందుకు పోశావో కూడా ఆయన చెప్పాడు. పాత ఫార్సీలో పట్నంవాళ్ళు ఉజ్బెక్ అన్న మాటని ఎలా వాడేవాళ్ళో సరదాగా చెప్పాడట. నీకు పొడుచుకొచ్చిందట. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు! అయినా ఆయన గుర్తింపు పుస్తకంలో కూడా ఉజ్బెక్ అనే రాసుంది కదరా. ఇంట్లో ఫార్సీ మాట్లాడతాడు, పుస్తకంలో ఉజ్బెక్. తిడితే తనని తానే తిట్టుకున్నట్టు.

బెహ్రోజ్ అన్నం మానేశాడు. నేను ముఖం ఎత్తుకుని వీధిలోకి వెళ్ళలేకపోతున్నాను. నువ్వు వెంటనే రైలెక్కి వచ్చి, ఆయన చేతులు పట్టుకుని తప్పయిపోయిందని చెప్పు. ఇది మాట కాదు, హుకుం.

సనోబర్

*

మర్గిలాన్
మే, 1992

అక్కా,

రాకూడదని కాదు. పట్టుపురుగులు పెరుగుతున్నాయి. పెద్దగది వాటికిచ్చేసి మేం వసారాలో పడుకుంటున్నాం. పొద్దస్తమానం ఆకు కోసుకొచ్చి వెయ్యడమే పని. అవి ఆకు నమిలే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. ఎందుకంటే నఫోసత్ నాతో మాట్లాడటం మానేసింది.

అసలేం జరిగిందో పూర్తిగా చెప్తాను. అప్పుడు నువ్వే అంటావు, తమ్ముడి తప్పు లేదని.

తనకు తానే దొర అని నేను చెప్పానా, ఆయన నవ్వి, "తుర్సునాలీ, బాగుంది గానీ, పూర్వం మా ఫార్సీవాళ్ళు ఆ మాట ఎవరినంటారో తెలుసా? పట్నం చూడని పల్లెటూరి వెర్రిబాగులవాణ్ణి" అన్నాడు. అప్పుడు నా చేతిలో కూజా ఉంది. మర్యాదగా ఇంత పోద్దామనే వంచాను. "ఎవరు మాస్టారూ వెర్రిబాగులవాడు?" అన్నాను. పోస్తున్నాను. "మా తాత వెర్రిబాగులవాడా? మా ముత్తాతా?" అన్నాను. పోస్తున్నాను. ఇనోయత్ దగ్గింది. జలుబు చేసిందేమో అనుకున్నాను. మళ్ళీ దగ్గింది. "వేడినీళ్ళు తాగవే" అని చెప్పి మళ్ళీ మాస్టారి వైపు తిరిగాను. "ఉజ్బెక్ అన్నవాడికి ఒంటిమీద ఎప్పుడూ స్పృహ ఉంటుంది, తెలుసా?" అన్నాను. గిన్నె నిండి, అంచు దాటి, పరిచిన గుడ్డ మీదికీ, అక్కణ్ణించి ఆయన మోకాలి మీదికీ వెళ్ళింది.

ఆయన గిన్నె వంక చూశాడు. కోడలి వంక చూశాడు. భోజనం ముగిసినట్టు రెండు చేతులూ మొహానికి రాసుకుని 'ఓమీన్' అని లేచాడు. నేను ఇనోయత్‌తో, "చూశావా, జవాబు చెప్పలేక లేచాడు" అన్నాను కూడా.

"జవాబు లేకా! మీరు పొమ్మంటే పోయాడు, నఫోసత్ నాన్నా!" అని అది నెత్తి కొట్టుకుంది. అప్పుడు చూశాను గిన్నె.

కాబట్టి అది కావాలని చేసిన పని కాదు. ఇక క్షమాపణంటావా, తనకు తానే దొర అయినవాడు ఒకరి ముందు తల వంచుతాడా? వంచకూడదనే అనుకుంటున్నాను. నువ్వేమంటావు? నువ్వు సరేనంటే వంచను.

ఇంతకీ ఆయన మాట నిజమో అబద్ధమో తేల్చుకుందామని ఊళ్ళో వాకబు చేశాను. బార్బర్ బోటిర్‌ని అడిగాను. నా మెడ మీద కత్తి పెట్టి, "దొరా లేదు, గిరా లేదు. పూర్వం ఉత్తరాన ఒక ఖాన్ ఉండేవాడు, ఆయన పేరు ఉజ్బెక్. ఆయన మనుషులు ఆ పేరు తగిలించుకున్నారు. అంతే" అన్నాడు. అంటే నాకు నేను దొరని కాదు సరికదా, ఎవడో దొర గారి పాలేరునన్నమాట! సగం గడ్డంతోనే లేచొచ్చేశాను. తరవాత ఉల్లిపాయల లారీ తోలే కజాక్‌వాడు సెయిత్‌కాలి దొరికాడు. "మా వాళ్ళు ఉజ్బెక్ అంటే సొంత అన్న అంటారు" అని నన్ను కావలించుకున్నాడు. కావలించుకుని తక్కువ తూకం ఉల్లిపాయలు ఎక్కువ ధరకి అంటగట్టాడు. సొంత అన్న కదా మరి.

ఆఖరికి పట్టుమిల్లులో మగ్గాలు బిగించడానికి కాన్పూర్ నుంచి వచ్చిన శుక్లా దగ్గరికి వెళ్ళాను. మన ఊళ్ళో వాళ్ళ సినిమాలంటే ప్రాణం కదా, వాళ్ళ దేశంలో మనకి గౌరవం ఉండకపోతుందా అని. ఇద్దరికీ వచ్చీరాని రష్యన్‌లో, "మీ హిందీలో మా పేరు ఏమైనా ఉందా?" అని అడిగాను. "ఉంది, ఉజ్బక్" అన్నాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. "ఎవరినంటారు?" అన్నాను. ఆయన టీలోకి చూశాడు. కప్పు వంక చూశాడు. "చిన్నప్పుడు మా నాన్న నన్ను అనేవాడు" అన్నాడు. "ఎప్పుడు?" "లెక్క తప్పు చేసినప్పుడు, చొక్కా తిరగేసి తొడుక్కున్నప్పుడు, మేకని కట్టెయ్యమంటే తాడు కట్టేసి మేకని వదిలేసినప్పుడు."

అక్కా, ఆ రోజు నాకు అన్నం సయించలేదు. సయించినా లాభం లేదు. నఫోసత్ మాటలు మానేసిందన్నానా, పూటపూటకీ నా గిన్నెలో టీ మాత్రం పోస్తుంది. అంచుదాకా. నిండుగా. ఒక్క చుక్క తొణకకుండా.

నీ తమ్ముడు
తుర్సునాలి

*

బుఖారా
జూన్, 1992

ఒరేయ్ మేకని వదిలేసి తాడు కట్టేసినవాడా,

నీ ఉత్తరం మాస్టారికి చదివి వినిపించాను. కోప్పడకు. నువ్వు దొరవి, నేను దొర అక్కని, నాకు ఆ హక్కుంది. "వేడినీళ్ళు తాగవే" దగ్గర ఆయన పెదవి కదిలింది. బార్బర్ కత్తి దగ్గర భుజాలు కదిలాయి. శుక్లా దగ్గరికొచ్చేసరికి కట్టుడు పళ్ళు ఊడి గడ్డంలో చిక్కుకున్నాయి. బెహ్రోజ్ పరిగెత్తుకొచ్చాడు, తాతకేమైందోనని. పాపం బంగారంలాంటి కుర్రాడు. ఎవరేం చెప్తే అది చేస్తాడు, అదే వాడితో వచ్చిన తంటా. పెళ్ళి సంగతి నువ్వే తాతని అడగరా అంటే, అడగనా అని తాతనే అడిగాడు.

మాస్టారేమన్నాడో విను. "ఖాన్ పేరనేవాళ్ళున్నారు, తనకు తానే దొర అనేవాళ్ళున్నారు, ఇంకోటనేవాళ్ళూ ఉన్నారు. పెద్దపెద్ద పండితులే తేల్చుకోలేక కొట్టుకుంటున్నారు. ఇక పట్నాల్లో వేళాకోళమంటావా, పక్క ఊరివాణ్ణి వెర్రివాడనడం ఏ భాషలో లేదు? మీ తమ్ముడితో ఆ మాటే చెప్దామనుకున్నాను. ఈలోగా మోకాలు కాలింది" అన్నాడు.

ఆయనకి నీ మీద కోపం లేదు. ఉందేమో కూడా, నవ్వులో కొట్టుకుపోయింది. మీ పట్టుగూళ్ళు కోసే పని అయ్యాక తనే ఇంకోసారి మీ ఇంటికి వస్తానన్నాడు, ఒక్కడే. ఎందుకంటే చెప్పను. నీ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇదే నీకు ఆఖరి అవకాశం. నఫోసత్ బతుకు నీ మణికట్టులో ఉందని గుర్తుపెట్టుకో. కూజా పట్టుకున్నప్పుడు మాట్లాడకు. మాట్లాడేటప్పుడు కూజా పట్టుకోకు. ఆయనకి గిన్నె అడుగు తడిస్తే చాలు. వినిపించిందా?

సనోబర్

*

మర్గిలాన్
జులై, 1992

అక్కా, అక్కా, కొంప మునిగింది.

మాస్టారు వచ్చాడు. గుమ్మంలోనే చేతులు పట్టుకుని తప్పయిపోయిందన్నాను. (దొరలు కూడా అప్పుడప్పుడు అంటారట, బోటిర్ చెప్పాడు.) "ఏమిటయ్యా తప్పు? మోకాలు పాతదే" అని నవ్వేశాడు. కూచోబెట్టాను. నోరు మూసుకుని టీ పోశాను. ఎంత పోశానంటే, గిన్నె అడుగున గీసిన పువ్వులో ఒక్క రేక తడిసింది. ఇంత మర్యాద మా వీధిలో ఎవడూ చెయ్యలేదు. ఆయన తాగాడు. మళ్ళీ ఒక రేక. మళ్ళీ తాగాడు.

అప్పట్నుంచీ తాగుతూనే ఉన్నాడు, అక్కా. వెళ్ళడం లేదు.

ఆప్రికాట్లతో చెట్టు విరగకాసి ఉండేది ఆయనొచ్చినప్పుడు. ఇప్పుడు చెట్టు మీద ఆకులే ఉన్నాయి. పొద్దున్నే లేచి చాయ్‌ఖానాకి వెళ్తాడు. ఆ ఖాన్ ఏ కాలంవాడో బోటిర్‌కి పాఠం చెప్తాడు. బోటిర్ వింటూ వింటూ ఒకడి మీసం ఒకవైపు తీసేశాడు. శుక్లాతో ఫార్సీ మాటలు హిందీలోకి ఎలా దూరాయో మాట్లాడతాడు, మిల్లులో మగ్గాలు ఆగిపోతాయి. సెయిత్‌కాలి ఈయన్ని కూడా సొంత అన్న చేసుకున్నాడు. ఇంట్లో ఉల్లిపాయలు పెట్టడానికి చోటు లేదు. సాయంత్రానికి ఇంటికొచ్చి, "ఏం తుర్సునాలీ, టీ ఉందా?" అంటాడు.

పెళ్ళి సంగతి మాత్రం ఎత్తడు! పిల్లగాడు బాగున్నాడా అంటే బాగున్నాడంటాడు. ఆడపిల్ల తండ్రిని, నేను ముందు నోరెత్తకూడదు కదా. ఎప్పుడు ప్రయాణం అని అడగనూకూడదు. గిన్నె నిండా పోశానా, ఆయన వెళ్తాడు, ఆయనతోపాటు సంబంధమూ వెళ్తుంది. తక్కువ పోశానా, ఉండిపోతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నిన్న భయపడి భయపడి వట్టి గిన్నె ఇచ్చాను. అది కూడా తాగినట్టు నటించి, "బాగుంది" అన్నాడు.

నఫోసత్ వసారా మూల కూచుని జరీ కుడుతూ ఇదంతా చూస్తుంది. నాకు మాత్రం ఇంకా అంచుదాకానే పోస్తోంది. దాని కళ్ళ కింద నల్లగా అయ్యాయక్కా. అది మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదు. తండ్రినై ఉండి ఏమీ చెయ్యలేకపోతున్నాను. నిజంగా ఏడుపొస్తోంది.

ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. నిండా పొయ్యనా, సగం పొయ్యనా? నువ్వు ఎంత చెప్తే అంత పోస్తాను. గిన్నె బొమ్మ గీసి పంపుతున్నాను, గీత పెట్టి పంపు.

తుర్సునాలి

*

బుఖారా
జులై, 1992

తుర్సునాలీ,

నీకు నువ్వే దొరవి కదరా. నువ్వే చూసుకో.

సనోబర్

గిన్నె బొమ్మ బాగుంది. కుండలా ఉంది.

*

మర్గిలాన్
ఆగస్టు, 1992

అక్కా,

నీ ఉత్తరం అందింది. అది ఉత్తరమా? చీటీ. చదివి పడుకుని దుప్పటి కప్పుకున్నాను. ఇంతలో మాస్టారి గొంతు. "ఏం తుర్సునాలీ, టీ ఉందా?"

లేచాను. కూజా తీసుకున్నాను. పొయ్యనా, ఎంత పొయ్యనా అని గాల్లో కూజా పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నఫోసత్ జరీపని పక్కన పెట్టి లేచింది. వచ్చి నా చేతిలో కూజా తీసుకుంది. మాస్టారి ఎదురుగా కూచుంది. గిన్నె తుడిచింది. పొయ్యడం మొదలుపెట్టింది.

ఇనోయత్ దగ్గింది. ఈసారి నాకు అర్థమైంది, నేనూ దగ్గాను. ఇద్దరం క్షయ ఆసుపత్రిలో ఉన్నట్టు దగ్గాం. నఫోసత్ ఆగలేదు. అడుగు నిండింది, సగం నిండింది, అంచుకొచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు. అన్నాళ్ళూ నా మీద చేసిన సాధన ఊరికే పోలేదు! రెండు చేతులతో ఎత్తి ఆయనకిచ్చింది.

"తాతయ్యా, ఇది తాగి బయల్దేరండి" అంది.

నేను గభాల్న వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూచున్నాను.

"మీరిక్కడ కూచుంటే అక్కడ పెళ్ళివారింటికి సున్నాలెవరు వేయిస్తారు? వేసవి అయిపోవస్తోంది. మీరు అడగరు. మా నాన్న అడగలేడు. మీ మనవడు మీరు చెప్పందే నోరు విప్పడు. అందుకని నేనే చెప్తున్నాను. నాకు మీ మనవడు ఇష్టం. మీకు ఇష్టమైతే రొట్టె విరవండి. కాకపోతే టీ చల్లారకముందే తాగేసి వెళ్ళండి."

మాస్టారు గిన్నె వంక చూశాడు. దాని వంక చూశాడు. ఆ నవ్వు చూడాలక్కా! పళ్ళు ముందే తీసి జేబులో పెట్టుకుని మరీ నవ్వాడు.

"మా బెహ్రోజ్ సంగతి నీకు తెలీదు తుర్సునాలీ" అన్నాడు. "మంచివాడే. కానీ ఏ కాలికి ముందు చెప్పు తొడుక్కోవాలో కూడా నన్నడుగుతాడు. రేపు నేను పోతే ఎవరినడుగుతాడు? వాడింట్లో ఒక్కరికైనా సొంత నిర్ణయం ఉండాలి కదయ్యా. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారో లేదో చూసిపోదామనొచ్చాను. నీ మీద మొదటిరోజే ఆశ వదిలేసుకున్నాననుకో. 'ఎవరో ఒకరు గిన్నె నిండా పోసేదాకా కదలకండి మాస్టారూ' అని మీ అక్క మరీమరీ చెప్పి పంపింది."

అక్కా! నువ్వా! నా ఆప్రికాట్లన్నీ నీ మూలానా పోయాయి!

తరవాత ఆయన మార్చినాటి రొట్టెలే కావాలని పట్టుబట్టాడు. బీరువాలోంచి తీశాం. రాళ్ళలా ఉన్నాయి. ఆయన విరవబోతే వేలు కలుక్కుమంది. నేను మోకాలి మీద పెట్టి నొక్కితే మోకాలు కలుక్కుమంది. చివరికి మగ్గం సుత్తి తెచ్చి నఫోసతే కొట్టింది. ఒక ముక్క ఎగిరి గాడిద ముందు పడింది. అందరం తలా ఒక ముక్క టీలో నానబెట్టుకుని తిన్నాం. ఖాయమైపోయింది.

"ఇంతకీ మాస్టారూ, ఉజ్బెక్ అంటే ఏమిటో తేలిందా?" అని అడిగాను.

"పుస్తకాల్లో తేలలేదు గానీ, ఇంత వయసొచ్చాక ఒకదాన్ని కళ్ళారా చూశాను. చాలు" అని నఫోసత్ నెత్తి మీద చెయ్యి వేశాడు. తరవాత ఆ నిండు గిన్నె ఒక్క గుక్కలో తాగేసి మళ్ళీ చాపాడు. "భలే ఉందమ్మా. ఇంకోటి పొయ్యి."

మర్నాడు నిజంగానే వెళ్ళాడు. రెండు బస్తాల ఉల్లిపాయలు ఆయనతో పంపాను, మీరూ పంచుకోండి. నఫోసత్ నాతో మాట్లాడుతోంది. నిన్న సాయంత్రం నా గిన్నెలో అడుగు తడిసేంతే పోసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ గిన్నె కింద పెట్టబుద్ధి కాలేదు.

నేనూ బుద్ధి తెచ్చుకున్నానక్కా. పిల్లదానికున్నంత ధైర్యం నాకు లేదా అని గట్టిగా అనుకున్నాను. అందుకని పెళ్ళిరోజు ఎవరినీ సలహా అడక్కుండా, నాకు నేనే దొరగా, నేనే నిర్ణయించేశాను.

అది ఏ రోజో వెంటనే రాసి పంపు.

నీ తమ్ముడు
తుర్సునాలి